ఉచితంగా దొరికే ఆటకు ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది?

నల్లకుంట నివాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. ఏడాదిగా వాడి ఫోన్‌లో తుపాకులతో కాల్చుకునే ఆట ఒకటి ఉంది. డౌన్‌లోడ్ చేసుకోవడానికి పైసా అడగలేదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు. పోయిన ఆదివారం మా ఆవిడ ఖాతా స్టేట్‌మెంట్ చూస్తుంటే నాలుగు నెలల్లో ఆ ఆటకు వెళ్లిన చెల్లింపులు 19 కనిపించాయి. 89 రూపాయలవి ఏడు, 449 రూపాయలవి నాలుగు, 799 రూపాయలవి అయిదు, 1,599 రూపాయలవి మూడు. వెరసి 11,211 రూపాయలు. ఆవిడ యూపీఐ పిన్ వాడికి ఎలా తెలిసిందని విచారించే పని కూడా లేకపోయింది, ఎందుకంటే కిరాణా కొట్టుకు పంపినప్పుడల్లా చెప్పింది మేమే.

వాడిని నేను కోప్పడటం, వాడు రెండు పూటలు అన్నం మానేయడం, వాళ్ల అమ్మమ్మ నన్ను కోప్పడటం అన్నీ అయిపోయాయి. ఇప్పుడు మిగిలింది ఒక వ్యాపారస్థుడి సందేహం. కోఠిలో ఇరవై ఏళ్లుగా మందుల హోల్‌సేల్ చేస్తున్నాను. సరుకు ఎంతకు దిగింది, ఎంతకు పోయింది, మధ్యలో ఎవరికెంత ముట్టింది, మిగిలిపోయిన స్టాకు ఎవరి నెత్తిన పడింది అన్న లెక్క తెలియకపోతే నాకు ఏ వ్యాపారమూ తలకెక్కదు. ఈ ఆట ఆడేవారిలో చాలామంది రూపాయి కూడా కట్టరని మావాడే చెబుతున్నాడు. అలాంటప్పుడు ఇన్ని లక్షల మందికి సర్వర్లు నడిపే ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఆట తయారయ్యేదాకా పెట్టుబడి ఎవరిది? మేము కట్టిన 799 రూపాయలలో ఎవరికెంత చేరింది? అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ డబ్బుతో మావాడు కొన్న వస్తువు ఏది? అడిగితే ఎర్ర కోటు తొడుక్కున్న ఒక బొమ్మను చూపించాడు. ఆ కోటుకు బుల్లెట్‌ను ఆపే శక్తి కూడా లేదట.

రాయదుర్గం రాత్రి డ్యూటీ

నల్లకుంట గారికి నమస్కారం. రాయదుర్గంలోని ఒక గేమ్ స్టూడియోలో ఏడేళ్లు లైవ్ ఆపరేషన్స్ జట్టులో పనిచేశాను. ఆట విడుదలైన తరువాత దాన్ని రోజూ నడిపే పని మాది. ఏ వారం ఏ ఈవెంట్ పెట్టాలి, ఆటలోని దుకాణంలో ఏ వస్తువు ఎన్ని గంటలు ఉండాలి, ఎంత ధరకు ఉండాలి అన్నవి మేము చూసేవాళ్లం. ఇప్పుడు ఆ రంగంలో లేను కాబట్టి కాస్త స్వేచ్ఛగా రాయగలను.

ముందు పెట్టుబడి సంగతి చెబుతాను. పాత పద్ధతిలో ఆట సినిమా లాంటిది: నిర్మాత డబ్బు పెడతాడు, మూడు నాలుగేళ్లు తీస్తారు, విడుదలైన కొద్ది వారాల్లోనే వసూళ్లలో పెద్ద భాగం వచ్చేస్తుంది, జట్టు ఇంకో ఆటకు వెళ్లిపోతుంది. విడుదలయ్యాక కూడా రోజూ నడపాల్సిన లైవ్ సర్వీస్ ఆట టీవీ సీరియల్ లాంటిది. మొదటి ఎపిసోడ్ ప్రసారమయ్యే నాటికి ఖర్చు మొదలైందే తప్ప అయిపోలేదు. ఆ తరువాత ప్రతి వారం కొత్త ఎపిసోడ్ ఇవ్వాల్సిందే, ఇచ్చినంత కాలం జీతాలు కట్టాల్సిందే. ఆ మొదటి డబ్బును కొన్నిసార్లు పబ్లిషర్, అంటే ఆటను మార్కెట్‌లోకి తెచ్చేవాడు, విడతలుగా ఇస్తాడు. ఇన్ని మ్యాపులు పూర్తయితే ఇంత, పరీక్షా వెర్షన్ నడిస్తే ఇంత అని ఒప్పందం ఉంటుంది, ఆట ఆదాయంలోంచి ముందు తన పెట్టుబడి లాక్కున్న తరువాతే స్టూడియోకు వాటా మొదలవుతుంది. కొన్నిసార్లు పెద్ద కంపెనీలు స్టూడియోలోనే వాటా కొంటాయి. చైనాకు చెందిన టెన్సెంట్ 2012లో సుమారు 33 కోట్ల డాలర్లు పెట్టి ఎపిక్ గేమ్స్‌లో దాదాపు 40 శాతం వాటా కొన్నది, 2016లో 860 కోట్ల డాలర్లతో సూపర్‌సెల్‌లో మెజారిటీ వాటా తీసుకున్నది. ఆడేవాళ్ల దగ్గరే ముందుగా చందా పోగుచేసినవాళ్లూ ఉన్నారు. స్టార్ సిటిజన్ అనే ఆటకు 2012లో మొదలైన వసూలు 70 కోట్ల డాలర్లు దాటింది, అయినా ఆ ఆట పూర్తి రూపంలో ఇంకా విడుదల కాలేదు.

ఫోన్ ఆటల్లో ఇంకొక మెట్టు ఉంటుంది. మీరు కొత్త టానిక్‌ను ముందు రెండు జిల్లాల్లో వదిలి చూసినట్లు, ఆటను ముందు ఫిలిప్పీన్స్, కెనడా వంటి కొద్ది దేశాల్లో వదులుతారు. మొదటి రోజు వచ్చినవాళ్లలో మర్నాడు ఎందరు వచ్చారు, వారానికి ఎందరు మిగిలారు, నెలకు ఎందరు మిగిలారు అన్న మూడు అంకెలను చూసి ఆట బతుకుతుందో లేదో తేలుస్తారు. ఆ పైన లెక్క చాలా మొరటుగా ఉంటుంది. ప్రకటనల ద్వారా ఒక మనిషిని ఆటలోకి తేవడానికి 40 రూపాయలు ఖర్చవుతున్నదనుకుందాం. ఆ మనిషి ఆట మానేసేలోగా సగటున 40కి మించి తెస్తేనే ఇంకో లక్షమందిని తెచ్చేందుకు డబ్బు విడుదలవుతుంది. 38 తెస్తే, ఆట ఎంత అందంగా ఉన్నా, మూతపడినట్లే. మా జట్టు రెండేళ్లు కష్టపడిన ఒక ఆటను అలా రెండు రూపాయల తేడాలో ఆపేసిన రోజు నాకు ఇంకా గుర్తున్నది.

ఇక కట్టని వారి ఖర్చు. ఆడేవారిలో చాలా కొద్దిమందే డబ్బు కడతారు, ఆ కొద్దిమందిలో మళ్లీ గుప్పెడుమంది పెద్ద మొత్తాలు కడతారు. ఈ పెద్దలకు మా ఆఫీసులో తిమింగలాలని పేరు. మన ఊళ్లలో జాతర ఖర్చు పదిమంది మోతుబరులు భరించి ఊరందరికీ ఆట చూపించినట్లే ఇదీ నడుస్తుంది. అయితే జనమే లేని జాతరకు ఏ మోతుబరీ చందా రాయడు, తన పేరు మైకులో వినడానికి ఊరంతా ఉండాలి. అందుకే రూపాయి కట్టని వాడు కంపెనీకి భారం కాడు. కొత్త మ్యాచ్ పది సెకన్లలో మొదలు కావడానికి అతను కావాలి, ఎర్ర కోటును చూసి అసూయపడటానికీ అతనే కావాలి. మీవాడు కొన్నది కోటు అనుకుంటున్నారు గానీ, మ్యాచ్‌లో ఆ కోటును చూసే మిగతా తొంభైతొమ్మిది మందినీ దానితో కలిపి కొన్నాడు. ఒంటరిగా ఆడే ఆటలో అదే కోటును 89 రూపాయలకు పెట్టినా కొనేవాడు దొరకడు.

సర్వర్ల ఖర్చు నిజమే గానీ, బయటివాళ్లు అనుకునేంత పెద్దది కాదు. నేను చూసినంతలో జీతాలు, ప్రకటనలే దాన్ని మించిపోయేవి. మోసగాళ్లను పట్టే సాఫ్ట్‌వేర్, తిట్లూ బూతులూ గమనించే సిబ్బంది, అర్ధరాత్రి ఫిర్యాదులకు జవాబిచ్చే వాళ్లం మేము, ఇవన్నీ నెలనెలా పడే ఖర్చులే. కాబట్టి ఆదాయమూ నెలనెలా రావాలి. పాత రోజుల్లో దీనికి చందా పద్ధతి ఉండేది. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కు నెలకు సుమారు 15 డాలర్లు కట్టేవారు. చందా కట్టలేని వాడు గుమ్మం బయటే ఆగిపోతాడు కాబట్టి, తరువాత గుమ్మం తెరిచేసి లోపల దుకాణాలు పెట్టారు. 2007లో డబ్బుకు అమ్మిన టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే ఆటను 2011 జూన్‌లో ఉచితం చేసేశారు. 2017 సెప్టెంబరులో ఎపిక్ గేమ్స్ ఉచితంగా వదిలిన ఫోర్ట్‌నైట్ బ్యాటిల్ రాయల్ ఈ పద్ధతి సత్తా ఏమిటో చూపించింది. 2021లో ఆ కంపెనీకి ఆపిల్‌తో నడిచిన కోర్టు కేసులో బయటపడిన పత్రాల ప్రకారం, 2018, 2019 రెండేళ్లలో కలిపి ఆ ఆట ఆదాయం 900 కోట్ల డాలర్లు దాటింది.

మీవాడి 19 చెల్లింపుల వరుసలో నాకు కనిపించినది చెబుతాను. 89 రూపాయల ప్యాక్ లాభం కోసం పెట్టినది కాదు. మొదటిసారి పిన్ నొక్కించడానికి పెట్టినది. ఒకసారి కట్టినవాడు రెండోసారి కట్టడానికి అంతగా తటపటాయించడని ఈ రంగంలో అందరికీ తెలుసు. 449 బహుశా పాస్ అయి ఉంటుంది. మ్యాచ్ ముగియగానే వచ్చే తెరను ఒకసారి వాడి పక్కన కూర్చుని చూడండి. పైన ఉచిత బహుమతుల వరుస ఉంటుంది, దాని కింద తాళం బొమ్మలున్న ఇంకో వరుస ఉంటుంది. ఆడినకొద్దీ రెండు వరుసల్లోనూ గీత ముందుకు జరుగుతుంది, కింది వరుసలో మాత్రం బహుమతులు తాళం వెనుక పోగుపడుతుంటాయి. నలభయ్యో మెట్టుకు వచ్చిన పిల్లవాడికి అది కొత్తగా కొనే వస్తువులా కనిపించదు, తాను ఇప్పటికే సంపాదించుకున్న సొమ్మును విడిపించుకుంటున్నట్లు కనిపిస్తుంది. ఆ వరుస కూడా సీజన్ అనే గడువు ముగిసేదాకే. మన నుమాయిష్ జనవరి 1న తెరిచి నెలన్నరకు మూసేస్తారు కాబట్టే నాంపల్లిలో అంత తొక్కిసలాట ఉంటుంది. ఏడాది పొడుగునా తెరిచి ఉంచితే సగం మంది వచ్చేవారం చూద్దాంలే అనుకుంటారు.

ఈ పాస్ పద్ధతి వాల్వ్ కంపెనీ వారి డోటా 2 అనే ఆట పోటీల నుంచి వచ్చింది. 2013లో పోటీకి తోడుగా ఒక డిజిటల్ పుస్తకం అమ్మి, అమ్మకాల్లో 25 శాతాన్ని బహుమతి నిధికి కలిపారు. 2021లో జరిగిన పదో పోటీకి ఆ నిధి 4 కోట్ల డాలర్లు దాటింది. కంపెనీ ముందుగా వేసిన 16 లక్షలు తీసేసి వెనక్కి లెక్క వేయండి, అమ్మకాలు 15 కోట్ల డాలర్ల పైచిలుకు తేలతాయి, అందులో ముప్పాతిక భాగం కంపెనీది. బహుమతి పెద్దదని అభిమానులు చప్పట్లు కొట్టారు, ఆ చప్పట్ల ఖర్చూ వాళ్లే పెట్టుకున్నారు.

హిమాయత్‌నగర్ ఆడిటర్

పై మిత్రుడు చెప్పినదానికి నేను అంకెలు మాత్రం జోడిస్తాను. ఫోన్‌లోని యాప్ స్టోర్ ద్వారా 799 రూపాయలు కట్టారనుకుంటే, ఆ ధరలోనే 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది కాబట్టి పన్ను 121.88 రూపాయలు, అసలు ధర 677.12 రూపాయలు. పెద్ద కంపెనీల దగ్గర స్టోర్ సాధారణంగా 30 శాతం తీసుకుంటుంది, అంటే 203.14 రూపాయలు. ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు ఆదాయమున్న చిన్నవారికి 2021 నుంచి ఆ రేటు 15 శాతం. ఆట కంపెనీకి చేరేది 473.98 రూపాయలు. పై మిత్రుడు చెప్పిన ఖర్చులన్నీ, స్టూడియో వేరు, పబ్లిషర్ వేరు అయితే వారి మధ్య పంపకాలు కూడా, అందులోంచే వెళ్లాలి. స్టోర్ల వాటా మీద గొడవ మన దేశంలోనూ నడిచింది. 2022 అక్టోబరులో గూగుల్ ప్లే బిల్లింగ్ షరతుల విషయంలో కాంపిటీషన్ కమిషన్ 936.44 కోట్ల రూపాయల జరిమానా వేసింది, ఆ మొత్తాన్ని తరువాత అప్పీలు ట్రిబ్యునల్ తగ్గించింది. చాలా ఆటలు సొంత వెబ్‌సైట్‌లో టాప్-అప్ చేసుకుంటే ఆటలో చెల్లే నాణేలు ఎక్కువ ఇస్తామని పిలవడానికి కారణం ఈ 203 రూపాయలే.

కొన్న వస్తువు ఏదని మీరు అడిగారు. అకౌంటింగ్‌లో దానికి ఒక చక్కని సమాధానం ఉంది. ఆటలోని నాణేలు అమ్మిన రోజునే ఆ డబ్బును కంపెనీ పూర్తి ఆదాయంగా రాసుకోవడానికి వీలులేదు. నాణేలు ఖర్చయ్యేదాకా అది ఆటగాడికి తీర్చవలసిన బాధ్యతగా పద్దులో ఉంటుంది. తాగితే అయిపోయే మందు సీసా లాంటి వస్తువైతే వాడిన రోజున ఆదాయమవుతుంది. మీ ఎర్ర కోటు లాంటి శాశ్వత వస్తువైతే, సగటు ఆటగాడు ఎన్ని నెలలు ఆడతాడో అంచనా కట్టి, ఆ నెలల మీద ఆదాయాన్ని పరుస్తారు. ఆటగాడి తెర మీద శాశ్వతమని రాసి ఉన్న కోటుకు కంపెనీ పద్దులో ఆయుష్షు నెలల్లో రాసి ఉంటుందన్నమాట.

కూకట్‌పల్లి స్క్వాడ్

అంకుల్, ఇక్కడ అందరూ ఆటను ఉచ్చులా రాస్తున్నారు కాబట్టి ఆడేవాడి మాట కూడా ఒకటి ఉండాలని రాస్తున్నాను. నాకు ఇరవైమూడేళ్లు. ఇంజనీరింగ్ నాలుగేళ్లూ నిజాంపేటలోని మా గదిలో నలుగురం రాత్రి పదకొండు తరువాత కలిసి ఒకే ఆట ఆడాం. ఆ నాలుగేళ్లలో నేను పెట్టినది ఒక పాస్‌కు 449 రూపాయలు మాత్రమే. మల్టీప్లెక్స్‌లో ఒక సినిమాకు, పాప్‌కార్న్‌కు అంతకంటే ఎక్కువవుతుంది. మా కోసం ఎవరో పెద్దమనిషి చందా రాస్తున్నాడంటే ఆయనకు మా నమస్కారాలు. అలంకారాలు అమ్ముకుని ఆటను సమానంగా ఉంచే పద్ధతి నా దృష్టిలో న్యాయమైనదే. గెలుపునే అమ్మే పద్ధతి వేరు. 2017 నవంబరులో స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2 అనే ఆటకు ముందే డబ్బు కట్టి కొన్నవాళ్లకు, లోపల ఏముందో తెలియని పెట్టెలు మళ్లీ కొంటే బలం పెరుగుతుందన్నట్లు అమ్మబోతే ఆటగాళ్లే తిరగబడ్డారు, విడుదలకు ముందురోజు ఆ ఆటను అమ్మే ఈఏ కంపెనీ ఆ పెట్టెల అమ్మకాలను ఆపేసింది. కాబట్టి మేమంతా తలాడించే గొర్రెలం కాదు.

నేను కూడా సమర్థించలేనిది గాచా ఒక్కటే. ఏమి వస్తుందో తెలియకుండా పెట్టె కొనడమన్నమాట. అంకెలు బయటికి ఇచ్చే ఆట కాబట్టి గెన్షిన్ ఇంపాక్ట్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. అందులో ఒక్కసారి తిప్పడానికి, అంటే ఒక పెట్టె తెరవడానికి, 160 రత్నాలు కావాలి, రత్నాలంటే ఆ ఆటలో చెల్లే డబ్బు. అన్నిటికన్నా అరుదైన అయిదు నక్షత్రాల పాత్ర వచ్చే అవకాశం ప్రతిసారీ 0.6 శాతం. ఆ లెక్కన 90 సార్లు తిప్పినా వచ్చే అవకాశం 42 శాతానికి చేరదు కాబట్టి, 90వ సారికి తప్పక ఇస్తామని నియమం పెట్టారు. అయితే వచ్చే పాత్ర మనం కోరుకున్నదే కావాలని లేదు, కాకపోతే మళ్లీ మొదటి నుంచి 90 లెక్కపెట్టాలి. అన్నీ ఎదురు తిరిగితే 180 సార్లు, అంటే 28,800 రత్నాలు. దుకాణంలోని పెద్ద ప్యాక్ దాదాపు 100 డాలర్లు, మొదటి కొనుగోలుకు ఇచ్చే రెట్టింపును పక్కన పెడితే అందులో అదనంతో కలిపి 8,080 రత్నాలు వస్తాయి. అలాంటివి నాలుగు కొంటే గానీ ఆ 28,800 నిండవు. ఇంకో చమత్కారం కూడా ఉంది చూడండి: 8,080లో 50 సార్లు తిప్పగా 80 మిగులుతాయి, 160కి సరిగ్గా సగం. ఆ 80ని ఏమీ చేసుకోలేము, వదిలేయడానికీ మనసు రాదు. నిజం చెప్పాలంటే ఓపికగా ఆడేవాళ్లకు ఆ ఆట ఉచితంగానూ బోలెడు రత్నాలు ఇస్తుంది, రూపాయి పెట్టకుండా ఆడేవాళ్లు నాకు తెలుసు. అయినా పదిహేనేళ్ల పిల్లవాడి చేతిలో ఈ లెక్క పెట్టడం నాకు ఇష్టం లేదు.

నల్లకుంట నివాసి

ఆడిటర్ గారి పద్దు చదివాక ఈ వ్యాపారం నాకు ఒక దారికి వచ్చింది. మా సరుకు మీద ఎక్స్‌పైరీ తేదీ ముద్రించకపోతే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ షాపు మూయిస్తాడు. ఈ సరుకుకు ఆ తేదీ అమ్మేవాడి పద్దులో మాత్రమే ఉంటుందని అర్థమైంది. కూకట్‌పల్లి బాబూ, నీ మాటలో న్యాయముంది. నీవు 449 దగ్గర ఆగగలిగావు, మావాడు ఆగలేకపోయాడు, ఆ తేడా వయసుదో మా పెంపకానిదో నేను తేల్చుకోలేకుండా ఉన్నాను. ఇంకో రెండు సంగతులు అడుగుతాను. రేపు ఆ కంపెనీ ఆటను ఆపేస్తే ఎర్ర కోటు ఏమవుతుంది? మైనర్ పిల్లవాడు కట్టిన డబ్బు తిరిగి అడిగే హక్కు మాకు ఉందా? కస్టమర్ కేర్‌కు రాస్తే నాలుగు రోజుల తరువాత, చెల్లింపులన్నీ సరైన పిన్‌తోనే జరిగాయి కాబట్టి ఏమీ చేయలేమని రెండు వాక్యాల జవాబు వచ్చింది.

నాంపల్లి వకీలు

మొదట ఒక అపోహ తొలగించాలి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం కాసి డబ్బు గెలుచుకునే ఆటలను నిషేధించింది. మన తెలంగాణలో అలాంటి ఆటల మీద 2017 సవరణతోనే నిషేధం ఉంది. మీ అబ్బాయి ఆడినది ఆ కోవలోకి రాదు. అతను కట్టాడు గానీ, గెలిచి డబ్బు తీసుకునే ఆశతో కట్టలేదు. పెట్టెలను జూదంగా చూడాలా వద్దా అన్నదాని మీద దేశానికో తీరు ఉంది. బెల్జియం 2018లో జూదమేనన్నది. నెదర్లాండ్స్‌లో ఈఏ మీద వేసిన కోటి యూరోల జరిమానాను 2022లో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం కొట్టేసింది. జపాన్ 2012లోనే పూర్తి సెట్టు పోగుచేస్తే బహుమతి ఇచ్చే రకం గాచాను ఆపించింది, చైనా 2017 మే నుంచి అవకాశాల శాతాలను బయటపెట్టాలన్నది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2022 డిసెంబరులో ఎపిక్ గేమ్స్‌తో 52 కోట్ల డాలర్లకు పరిష్కారం కుదుర్చుకున్నది. అందులో 27.5 కోట్లు పిల్లల సమాచారం విషయంలో, 24.5 కోట్లు పొరపాటున కొనిపించే బటన్ల అమరిక వల్ల నష్టపోయినవారికి తిరిగి ఇవ్వడానికి. 2025 జనవరిలో అదే కమిషన్‌కు గెన్షిన్ సంస్థతో కుదిరిన 2 కోట్ల డాలర్ల పరిష్కారంలో, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పదహారేళ్ల లోపువారికి పెట్టెలు అమ్మకూడదన్న షరతు ఉంది.

మీ విషయంలో 1872 కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనర్ ఒప్పందం చేసుకోలేడు, అలాంటి ఒప్పందం చెల్లదని 1903లో అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. కాగితం మీద మీ వాదనకు బలముంది. ఆచరణలో పిన్ మీ ఇంట్లోంచే వెళ్లింది కాబట్టి బ్యాంకు దాన్ని మోసపు లావాదేవీగా ఒప్పుకోవడం కష్టం. గూగుల్ ప్లే ద్వారా కట్టినవైతే, 48 గంటల లోపలి కొనుగోళ్లకు స్టోర్‌లోనే రీఫండ్ అడగవచ్చు, అంతకు ముందువాటికి సాధారణంగా ఆట కంపెనీనే అడగమంటారు. జవాబు నచ్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాలు 13 రకాల వంచన పద్ధతులను పేర్కొన్నాయి, లేని తొందర కల్పించడం అందులో మొదటిది. గడియారం తిరుగుతున్న ఆఫర్ తెరల ఫొటోలు ఉంటే జతచేయండి.

రాయదుర్గం రాత్రి డ్యూటీ

ఆట ఆపేస్తే కోటు కూడా పోతుంది. ఖాతా తెరిచినప్పుడు మనం చదవకుండా ఒప్పుకునే షరతుల్లో, నాణేలూ వస్తువులూ ఆటగాడి ఆస్తి కావనీ, వాడుకునే అనుమతి మాత్రమేననీ రాసి ఉంటుంది. 2014లో డబ్బుకు అమ్మిన ది క్రూ అనే కార్ల ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపేశారు, కొన్నవారు ఒంటరిగా ఆడుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది. దాని మీద పుట్టిన ఉద్యమానికి ఐరోపాలో 2025 జులై నాటికి 10 లక్షల సంతకాలు దాటాయి. సోనీ విడుదల చేసిన కాంకార్డ్ 2024 ఆగస్టు 23న వచ్చి సెప్టెంబరు 6న మూతపడింది, అక్కడ మాత్రం కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చారు. మన దేశంలో 2020 సెప్టెంబరు 2న పబ్జీ మొబైల్‌ను నిషేధించినప్పుడు పిల్లలు కొన్న వస్తువులన్నీ గాలిలో వేలాడాయి. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చినప్పుడు పాత ఖాతాను మార్చుకునే అవకాశం ఇచ్చారు గానీ, అది కంపెనీ దయ, హక్కుగా వచ్చినది కాదు. ఆ ఆట 2022 జులైలో మళ్లీ స్టోర్ల నుంచి మాయమై 2023 మేలో తిరిగి వచ్చింది.

నల్లకుంట నివాసి

వకీలు గారికి, మిగతా పెద్దలకు కృతజ్ఞతలు. 48 గంటల గడువు దాటిపోయినా ఆఖరి రెండు చెల్లింపులకు స్టోర్‌లో రీఫండ్ అడిగి చూశాను, అందులో ఒక 799 నిన్న సాయంత్రం వెనక్కి వచ్చింది. రెండోదాని మీద జవాబు రావలసి ఉంది. 1915కు ఫిర్యాదు ఇచ్చాం. పిన్ మార్చాం. కిరాణాకు ఇక మీదట నోట్లే.

రాత్రి భోజనాల తరువాత మావాడి పక్కన కూర్చుని, రాయదుర్గం మిత్రుడు చెప్పిన తాళాల వరుస చూశాను. వాడు ఈ సీజన్‌లో 63వ మెట్టు దాకా వచ్చాడట, ఇంకా 11 రోజులు ఉన్నాయట, ఎలాగూ పాస్‌కు డబ్బు కట్టేశాం కాబట్టి వందో మెట్టు దాకా రోజుకు గంట ఆడుకోనిస్తే తరువాత తీసేస్తానన్నాడు. కట్టిన సరుకు వదిలేయమని చెప్పడానికి నాకూ నోరు రాలేదు, సరేనన్నాను. రోజుకు గంట ఆడితే 11 రోజుల్లో 37 మెట్లు ఎక్కగలడా అన్నది మాత్రం తెలుసుకోవాలని ఉంది.

రాయదుర్గం రాత్రి డ్యూటీ

ఎక్కలేడు. ఆఖరి వారంలో మిగిలిన మెట్లను తగ్గింపు ధరకు కట్టగట్టి అమ్మే ఆఫర్ వస్తుంది. మా క్యాలెండర్‌లో ఆ వారానికి వేరే రంగు ఉండేది.